శాలువాలు సరే, ఆ పాటలు ఎవరి దగ్గర ఉన్నాయి?

తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ అధికారులకు, సంగీత నాటక అకాడమీ పెద్దలకు,

నమస్కారం.

2022 జనవరిలో పద్మ పురస్కారాల జాబితాలో మన రాష్ట్రానికి చెందిన రెండు పేర్లు చూసి చాలామంది ‘వీళ్లెవరు?’ అని వెతుక్కున్నారు. ఒకరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాడతారు. ఇంకొకరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య. కంచుడోలు కొడుతూ కోయల కథలు పాడేవారు. ఇద్దరికీ ఒకే ఏడాది పద్మశ్రీ వచ్చింది.  2024 జూన్‌లో రామచంద్రయ్య పోయారు.

ఆయన పోయిన రోజు జరగాల్సినవన్నీ జరిగాయి. సంతాప సందేశాలు వచ్చాయి, పేపర్లలో ఫొటోలు పడ్డాయి, టీవీల్లో పాత క్లిప్పులు తిరిగాయి. ఇన్నాళ్లయ్యాక మిమ్మల్ని ఒక్క సంగతి అడగాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మొగిలయ్యకు వచ్చిన కథలెన్ని, రామచంద్రయ్యకు వచ్చిన కథలెన్ని? వాటిలో మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఎవరూ ఆపకుండా, రికార్డు చేసి మీ శాఖ భద్రపరిచినవి ఎన్ని?

నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో సర్కారు బడి టీచర్ని. సాంఘిక శాస్త్రం చెబుతాను. ఎనిమిదో తరగతి పుస్తకంలో మొగిలయ్య గారి గురించి పెట్టారు, అందుకు సంతోషం. మా జిల్లా మనిషి పుస్తకంలో ఉన్నాడంటే పిల్లలకు ఎంత గొప్పగా ఉంటుందో చెప్పలేను. ఆ పేజీ తెరిస్తే చాలు, ‘టీచర్, కిన్నెర వినిపించండి’ అంటారు. ఫోన్ తీసి వెతుకుతాను. ముందు సినిమా పాట వస్తుంది, అందులో ఆయన గొంతు పల్లవికి ముందు కాసేపు ఉంటుంది. తర్వాత టీవీ ఇంటర్వ్యూలు. ఆయన రాగం ఎత్తుకుని నాలుగు చరణాలు అనగానే యాంకర్ ‘సూపర్ సార్’ అని ఆపేసి, పవన్ కళ్యాణ్ గారు ఏమన్నారు, ఎంత ఇచ్చారు అని అడుగుతుంది. పండుగ సాయన్న కథ పూర్తిగా వినిపిద్దామంటే నాకైతే ఎక్కడా దొరకలేదు.

పండుగ సాయన్న అంటే మా పాలమూరులో ఒకప్పుడు తెలియని వాళ్లు లేరు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన మనిషి. చరిత్ర పుస్తకాల్లో ఆయనకు దక్కిన చోటు తక్కువ. ఆయన్ను బతికించింది కిన్నెర పట్టుకుని ఊరూరా తిరిగిన డక్కలి కళాకారులే. మియాసాబ్ కథ కూడా అలాగే వచ్చింది. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి, నిజాం హయాంకు దస్తావేజులున్నాయి. పండుగ సాయన్న లాంటి మనిషికి మాత్రం మొగిలయ్య లాంటి వాళ్ల గొంతే దస్తావేజు. అందుకే అలాంటి గొంతు ఆగిపోతే నాలాంటి చరిత్ర చెప్పే వాళ్లకు కూడా నష్టమే.

రామచంద్రయ్య గారి సంగతి ఇంకా పెద్దది. కోయల్లో డోలీలనే కథా గాయకులు గట్ల వారీగా, అంటే గోత్రాల వారీగా, వంశాల చరిత్ర పాడతారు. ఏ ఇంటి పేరు ఏ గట్టుకు చెందుతుంది, ఆ గట్టు వేల్పు ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి వలస వచ్చారు, ఇవన్నీ ఆ పాటల్లోనే ఉంటాయి. వేల్పుల బొమ్మలు వేసిన పడిగె గుడ్డ ఉంటుంది, దాన్ని చూపిస్తూ కథ నడుపుతారు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షల మంది వెళ్తాం, బంగారం పేరుతో బెల్లం ఇస్తాం, సెల్ఫీలు దిగుతాం. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథను కోయలు తమ నోటితో ఎలా చెప్పుకుంటారో విన్నవాళ్లు ఆ లక్షల్లో ఎందరుంటారు? రామచంద్రయ్య ఆ కథను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగేవారు. జాతరకు రోడ్లు, బస్సులు, షెడ్లు వేయడానికి ప్రతిసారీ కోట్లు ఖర్చు పెడతాం. అందులో ఎంత చిన్న వాటా పెట్టినా ఆ కథంతా రికార్డయ్యేది.

ఇక్కడ కొందరు అధికారులు అనొచ్చు, ‘పాటలు రాయించి పుస్తకం వేస్తాం, చాలదా?’ అని. చాలదు. దీనికి మన తెలుగులోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది.

2025 మార్చి 9న తిరుపతిలో గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు పోయారు. రాజమండ్రిలో పుట్టి, తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడైన మనిషి. 600కు పైగా అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టారు. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ ఈ రోజు పెళ్లిళ్లలో, గుళ్లలో, బస్సుల్లో వినబడుతోందంటే అది ఆయన కట్టిన వరస. అసలు ఆయన బాణీ కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చింది? అన్నమయ్య 1503లో కన్నుమూశారు. ఆయన కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో భద్రం చేశారు. మాట పోలేదు, రాగం పేరు కూడా రేకు మీద ఉంది. కానీ ఆయన ఎలా పాడారన్నది రేకు మీద లేదు, ఉండే వీలూ లేదు. నోటి నుంచి నోటికి వచ్చే దారి మధ్యలో ఎక్కడో తెగింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రేకులు బయటికి వచ్చాక రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు, ఆ తర్వాత బాలకృష్ణప్రసాద్ గారి లాంటివాళ్లు కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. వాళ్లు చేసింది గొప్ప పని. అయినా మనం వింటున్నది అన్నమయ్య మాట, బాలకృష్ణప్రసాద్ బాణీ.

అన్నమయ్య కాలానికి రాగిరేకు తప్ప వేరే దారి లేదు, ఎవరినీ తప్పుపట్టలేం. మన కాలంలో జేబులో ఫోనుంది, హైదరాబాదులో మంచి స్టూడియోలున్నాయి, మీ శాఖకు బడ్జెట్ ఉంది. మొగిలయ్య పాటను కాగితం మీదకెక్కించి ఊరుకుంటే, రేపు ఎవరో సంగీత దర్శకుడు దానికి కొత్త వరస కట్టాలి. కిన్నెర మెట్ల మీద ఆయన వేళ్లు ఎలా నడుస్తాయి, మాటకూ తంత్రికీ మధ్య ఎక్కడ ఆగుతారు, జనం నవ్వినప్పుడు కథను ఎటు తిప్పుతారు, ఇవేవీ అచ్చులోకి రావు.

బాలకృష్ణప్రసాద్ గారి విషయంలో ఇంకొకటి కూడా గమనించాలి. 1978లో ఆయన దేవస్థానం వారి అన్నమాచార్య ప్రాజెక్టులో చేరారు. నెల జీతం, పని చేసుకోవడానికి చోటు, రికార్డింగు సదుపాయం, నేర్చుకోవడానికి వచ్చే శిష్యులు, అన్నీ ఒకచోట కుదిరాయి. పాతికేళ్లకు పైగా ఆయన చేసిన పనంతా పోగుపడింది. ఆయన పోయినప్పుడు బాధపడ్డాం గానీ, ఆయన పాట ఎక్కడుందని వెతుక్కోలేదు. ప్రతిభ విషయంలో మొగిలయ్య, రామచంద్రయ్య ఎవరికీ తీసిపోరు. వాళ్ల వెనక అలాంటి సంస్థ ఒకటి లేదు, అంతే.

ఇక సినిమా వాళ్ల గురించి చెప్పనక్కర్లేదు. 2025 జూలై 13న కోట శ్రీనివాసరావు గారు పోయారు. ఆ రాత్రి మా ఇంట్లో ఆయన పిసినారి లక్ష్మీపతిగా వేసిన సినిమా పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే నవ్వుకున్నాం. ఆయన విద్య రీళ్లలో ఉంది, ఎక్కడికీ పోదు. అందెశ్రీ గారి విషయంలోనూ కొంత ధైర్యం ఉంది. రేబర్తిలో పుట్టి, బడి మొహం చూడకుండా, గొర్లు కాసి, తాపీ పని చేసి, కవి అయిన మనిషి. ఆయన ‘జయ జయహే తెలంగాణ’ 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది. మా బడిలో రోజూ పాడిస్తాం. 2025 నవంబర్ 10న ఆయన పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు, చేయాల్సిందే. గద్దర్ గారి పేరు మీద సినిమా అవార్డులిస్తున్నారు, మంచిదే. పేరు పెట్టడం, విగ్రహం నిలపడం, లాంఛనాలు జరపడం, ఇవన్నీ ప్రభుత్వాలకు బాగా వచ్చిన పనులు. ఒక్క రోజులో జీవో ఇవ్వొచ్చు. డోలీ నోట ఒక గట్టు కథ పూర్తిగా రికార్డు చేయాలంటే మాత్రం కూనవరం వెళ్లి రాత్రంతా కూర్చోవాలి. కోయ తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఫొటోకు అందులో ఏమీ దొరకదు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకుందాం, ఎందుకంటే ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. మొగిలయ్య గారికి అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో ఆయన తుర్కయాంజాల్ దగ్గర ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తున్న వీడియో బయటికి వచ్చినప్పుడు ‘కోటి ఇచ్చారుగా, ఏం చేశాడు?’ అని ఎంతమంది ఎకసెక్కాలాడారో నాకు గుర్తుంది. మా స్టాఫ్‌రూమ్‌లోనూ అన్నారు. ఇంట్లో పెళ్లిళ్లున్నాయి, జబ్బులున్నాయి, ఇల్లు కట్టుకోవాలన్న ఆశ ఉంది. నెలనెలా వచ్చే 10,000 రూపాయలు ఆగిపోయాయని ఆయనే చెప్పుకున్నారు. ఒకేసారి పెద్ద మొత్తం చేతిలో పెట్టి ‘ఇక నీ బతుకు నువ్వు చూసుకో’ అనడం కన్నా, ‘నెలకింత జీతం, నువ్వు వారానికి ఇన్ని రోజులు పిల్లలకు నేర్పు’ అని ఉంటే ఆయన డెబ్బై దాటిన వయసులో తట్ట మోసేవారా? ఆయనకు వచ్చింది సాయం. రావాల్సింది ఉద్యోగం.

డక్కలి, చిందు కళాకారులకు వెనకటికి ఊళ్ల మీద మిరాశీ ఉండేది. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి. ఏడాదికోసారి వచ్చి ఆడితే, పాడితే, కుల పెద్దలు గింజలో పైసలో ఇచ్చి పంపేవారు. అందులో గౌరవం ఎంత, అవమానం ఎంత అన్నది వేరే చర్చ. అంటరానితనంలోనూ అడుగున నిలబెట్టిన కులాలవి, ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరడం లేదు. కాకపోతే ఆ ఏర్పాటు కూలిపోయాక దాని జాగాలోకి ఏదీ రాలేదు. పిల్లలు హైదరాబాదు పోయి సెక్యూరిటీ గార్డులవుతుంటే వద్దనే హక్కు మనకు లేదు. కళ నేర్చుకో అని చెప్పే నోరు, నెలకు ఎంత ఇస్తామో కూడా చెప్పాలి.

రాజస్థాన్‌లో కోమల్ కొఠారీ అనే ఆయన 1960లో బోరుందా అనే పల్లెలో మిత్రులతో కలిసి రూపాయన్ సంస్థాన్ మొదలుపెట్టారు. లంగా, మాంగణియార్ గాయకులు కూడా మన డక్కలి, చిందుల్లాగే యజమానుల ఇళ్ల మీద ఆధారపడి బతికినవాళ్లు. వాళ్ల ఊళ్లకు తిరిగి, వాళ్లతో కూర్చుని, ఏళ్ల తరబడి వేల గంటల పాట రికార్డు చేశారు. మాంగణియార్ల పాట ఇవాళ ప్రపంచమంతా వినబడుతోందంటే అందులో ఆ పనికి పెద్ద వాటా ఉంది. కొఠారీ 2004లో పోయారు, టేపులు ఉన్నాయి. మన దగ్గర కూడా పట్టుదల ఉన్నవాళ్లు లేకపోలేదు. జయధీర్ తిరుమలరావు గారు, గూడూరు మనోజ గారు ‘ఆద్యకళ’ పేరుతో ఆదివాసీ, జానపద వాద్యాలను, పడిగెలను, పాత పనిముట్లను ఊరూరా తిరిగి సేకరించారు. వాళ్లు చేసినదాంట్లో సగం ఉత్సాహం ప్రభుత్వ శాఖ చూపించినా నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఈ పని కోసమే పుట్టిన సంస్థ అది. దానికి మనుషుల్ని, నిధుల్ని ఇచ్చి పని అప్పగించండి.

పని ఎలా జరగాలో కూడా నాకు తోచింది చెబుతాను. కళాకారుణ్ని రవీంద్రభారతికి పిలిపించి, ముఖ్య అతిథి రాక కోసం రెండు గంటలు కూర్చోబెట్టి, ‘ఐదు నిమిషాల్లో ముగించండి’ అని చెప్పి తీసిన వీడియో రికార్డింగ్ కాదు. వాళ్ల ఊళ్లో, వాళ్ల వాళ్ల మధ్య, కథ ఎన్ని రాత్రులు పడితే అన్ని రాత్రులు తీయాలి. గొంతుకొక మైకు, వాద్యానికొక మైకు. ఒక కెమెరా చేతుల మీదే ఉండాలి. కథ అయ్యాక పక్కన కూర్చుని, ఈ మాటకు అర్థమేంటి, ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావు, మీ నాయన దీన్ని వేరేగా పాడేవాడా అని అడిగి రాసుకోవాలి. వాద్యం తయారీని కూడా వదలొద్దు. వెదురు ఏ అడవిది, ఏ కాలంలో కొట్టాలి, సొరకాయ బుర్రను ఎన్నాళ్లు ఎండబెట్టాలి, మెట్లు అంటించే తేనెమైనం ఎంత పదునులో ఉండాలి, ఇవి తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. పాడేవాడు మిగిలి, కిన్నెర చేసేవాడు మిగలకపోతే ఏం లాభం?

రికార్డు చేసిందంతా తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. ఒక కాపీ ఆ కుటుంబానికి, ఒకటి ఆ ఊరి బడికి ఇవ్వండి. మిగతాది ఎవరైనా వినేలా ఇంటర్నెట్‌లో పెట్టండి. రేపు ఏ సినిమా వాళ్లో దాన్ని వాడుకుంటే డబ్బు ఆ కుటుంబానికి చేరేలా ముందే కాగితం రాసుకోండి. ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పల్లె పాట ఎవరి సొత్తూ కాదన్నట్టు వాడేసుకున్న వాళ్లను మనం చాలామందిని చూశాం.

పోయినవాళ్ల గురించి ఇంత రాసింది మొగిలయ్య లాంటి ఉన్నవాళ్ల కోసమే. 2024లో మన రాష్ట్రం నుంచి పద్మశ్రీ అందుకున్న వారిలో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారు ఉన్నారు, బుర్రవీణ వాయిస్తారు. జనగామ వైపు గడ్డం సమ్మయ్య గారు ఉన్నారు, చిందు యక్షగానం ఆడతారు. పద్మశ్రీ ప్రకటించగానే వాళ్ల ఇళ్ల ముందు ఎన్ని కార్లు ఆగాయో ఆ ఊళ్ల వాళ్లను అడిగితే చెబుతారు. రికార్డింగ్ సామాను వేసుకున్న మీ శాఖ బండి ఎప్పుడు వెళ్లింది, ఎన్ని రాత్రులు ఉంది అన్నది మీరే చెప్పాలి. వెళ్లి ఉంటే ఆ జాబితాను జనం ముందు పెట్టండి, నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. వెళ్లకపోతే ఈ ఎండాకాలంలోపు బయలుదేరండి. పద్మశ్రీ రానివాళ్ల పేర్లు కావాలంటే మండలానికొక టీచర్ని అడగండి. ఒగ్గు కథ, శారద కథ, బుడగ జంగాల కథ, ఎక్కడెక్కడ ఎవరు మిగిలారో మాకు తెలుసు, ఎందుకంటే వాళ్ల మనవళ్లు మా దగ్గరే చదువుతున్నారు.

మా బడి మీ పనికి సిద్ధంగా ఉంది. పెద్ద గది ఉంది, కరెంటు ఉంది, ఆదివారాలు ఖాళీ. వచ్చినవాళ్ల భోజనం ఊరు చూసుకుంటుంది, సర్పంచ్‌తో మాట్లాడాను. ఈ ఉత్తరానికి మీ శాఖ నుంచి ఇప్పటిదాకా చేసిన రికార్డింగుల జాబితా రూపంలో జవాబు వస్తే దాన్ని నోటీసు బోర్డు మీద పెడతాను. ఎనిమిదో తరగతి వాళ్లు అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్రం టీచర్,
నాగర్‌కర్నూల్ జిల్లా